గుప్పెడు దూది

పరుపుల కొట్టు గుమ్మంలో జరిగిన తగాదాలకి లెక్కలేదు. వాటిలో గొంతెత్తకుండా గెలిచిన తగాదా మాత్రం ఒక్కటే. గెలిచింది మబ్బమ్మ. కళ్ళారా చూసింది ఆమె తోడికోడలు పెద్దావిడ.

అప్పటికి మబ్బమ్మ ఆ ఇంటికి చిన్నకోడలుగా వచ్చి ఎంతోకాలం కాలేదు. ఒక మిట్టమధ్యాహ్నం గడియారాల దుకాణం వాళ్ళావిడ బండి మీద పరుపు వేయించుకుని వచ్చి దిగింది. "నేనిచ్చింది వెన్నలాంటి దూది. మీరు తిరిగిచ్చింది చెత్త! ముద్దలు ముద్దలుగా ఒంట్లో గుచ్చుకుంటోంది. కంటి మీద కునుకు లేదు నాకు" అని వీధంతా వినేలా దులిపేసింది. పెద్దావిడ నోట్లో అప్పటికే తిట్లు బారులు తీరి నిలబడ్డాయి. ఏది ముందు వదలాలా అని ఎంచుకుంటోంది. ఈలోగా చిన్నకోడలు లేచి, ఆ పరుపుని కొట్టు మధ్యలో ఎండ పొడ పడేచోట పరిచి, పైన అరచేత్తో నిమిరింది.

"ముద్ద ఎక్కడుందో నా చేతికి తెలీడం లేదమ్మా. ఒక్కసారి నడుం వాల్చి, ఇదిగో ఇక్కడ అని చూపించండి. అక్కడే విప్పేస్తాను."

"ఇక్కడా? నడిబజార్లోనా?"

"తెర దించేస్తాను. ఈ గదిలో ఉన్నది అందరం ఆడవాళ్ళమేగా."

ఆవిడ చెప్పులు విడిచి కోపంగా పడుకుంది. కోపంగా పడుకోవడమంటే ఏమిటో ఆ రోజు చూడాలి. కట్టెలా బిగుసుకుని, కప్పు వైపు ఉరిమి చూస్తూ, "ఇక్కడ" అంది. మబ్బమ్మ అక్కడ మెల్లగా నొక్కింది. "ఇక్కడ కూడా" అంది. అక్కడా నొక్కింది. తెర సందుల్లోంచి వచ్చిన ఎండలో దూది నలకలు పైకీ పోక కిందికీ రాక తేలుతున్నాయి. వెనక గదిలో దూది ఏకే యంత్రం ఒకే రాగం తీస్తోంది. మళ్ళీ "ఇక్క..." అన్న మాట సగంలో ఆగిపోయింది. ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోయింది.

దీపాలు పెట్టే వేళకి మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. చెంప మీద కుట్టు గీత అచ్చుపడ్డ మొహంతో లేచి, అటూ ఇటూ చూసి, "పరుపు బండెక్కించండి" అని ఒక్క మాట అనేసి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ ఇంటి పరుపులు ఇంకో కొట్టు గడప తొక్కలేదు. పెద్దావిడకి మాత్రం మంటగానే ఉండిపోయింది. అంత ఏరికోరి పెట్టుకున్న తిట్లు, ఒక్కటీ వాడకంలోకి రాలేదు మరి.

ఆ కొట్టు ఓ పొడుగాటి ఇంటి కింది భాగం. ముందుగది వీధిలోకి. నడిమి గదిలో కుట్టుపని. వెనక గదిలో యంత్రం. పైన కాపురం, ఆపైన డాబా. కొట్టు పెట్టింది పెద్దావిడ భర్త. ఆయన పోయాక యంత్రం తమ్ముడి చేతికొచ్చింది. ఆ హోరులో ఉండి ఉండి అతనికి చెవులు మొద్దుబారిపోయాయి. ఇద్దరు తోడికోడళ్ళున్న ఇంట్లో మగవాడికి అంతకన్నా వరం ఏముందని పెద్దావిడే అనేది. తోడికోడళ్ళని ఉప్పూ నిప్పూ అంటారు లోకంలో. వీళ్ళిద్దరూ నిప్పూ దూదీ. అయినా ఇల్లు అంటుకోలేదు. నిప్పు ఎంత ఎగసిపడ్డా దూది అక్కడుంటేగా! అదెక్కడో గాల్లో తేలుతూ ఉండేది.

తలకి గుడ్డ బిగించి కట్టుకున్నా మబ్బమ్మ చెవుల పక్కన, కనుబొమల మీద దూది అంటుకునే ఉండేది. పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలికేది కాదు. అందుకే కొట్టులో వాళ్ళు ఆ పేరు పెట్టారు. అసలు పేరు కట్టుకున్నవాడు కూడా మరిచిపోయాడు.

పాత పరుపులు విప్పడం ఆమె పని. అది అందరికీ చేతకాదు. కుట్టు పట్టుకుని లాగితే గుడ్డ చిరుగుతుంది, నిదానంగా తెంపుకుంటూ పోతే సందేళకి కూడా తెమలదు. మబ్బమ్మ చేతిలో కత్తెర చేపలా జారేది. విప్పిన పరుపులో పడుకున్న మనిషి మిగిలే ఉంటాడు. ఎటు ఒత్తిగిల్లాడో, పక్కన ఎంత ఎడం వదిలాడో, ఏ మూల పిల్లలు తడిపారో అన్నీ దూదిలో అచ్చుపడి ఉంటాయి. కలలు కూడా అందులోకే ఇంకుతాయని మబ్బమ్మ అనేది. విప్పగానే లేచే దుమ్ములో ఓ క్షణం కళ్ళు మూసుకుని కూచునేది.

"ఈయన జన్మంతా రైలు తప్పిపోయినట్టే కలగన్నాడక్కా."

"నీ చెవిలో చెప్పాడా?"

"ఈ మూల చూడు, కాళ్ళతో తన్ని తన్ని గుంట పెట్టాడు. పరిగెత్తాడు పాపం."

"పరిగెత్తాడో, పెళ్ళాన్ని తన్నాడో!"

"పెళ్ళాం వైపు కాదక్కా. గోడ వైపు."

ఏకు మేకవడమంటే ఇదేనని పెద్దావిడ నెత్తి కొట్టుకునేది. పని నేర్పింది తనే, మెత్తగా ఉందని మెచ్చుకుందీ తనే, ఇప్పుడు ప్రతి మాటకీ ఎదురు మాట. నేర్పినవాటిలో మొదటిది కొట్టు కట్టుబాటు. పాత తొడుగు మీద కొత్త తొడుగు కుట్టకూడదు. పాతది విప్పాలి, దూది ఎండకి వెయ్యాలి, ఏకాలి, ఆ తరవాతే కొత్త గుడ్డ. బద్ధకస్తులు పైన ఇంకోటి తొడిగేసి చేతులు దులుపుకుంటారు. పైకి పెళ్ళికూతురు, లోపల పుచ్చొంకాయ.

అలాంటి పరుపు ఒకటి ఓ వానాకాలం చివర్లో వచ్చింది. అది వాడిన ఇంటావిడ పోయిందట. కూతురు తెచ్చి గుమ్మంలో దించి, దాని వైపు చూడకుండా నిలబడింది. మబ్బమ్మ తొడుగు విప్పితే కింద ఇంకో తొడుగుంది. అది విప్పితే మరొకటి. ఉల్లిపొరల్లా ఒకదాని కింద ఒకటి. లోపలికి పోయిన కొద్దీ మరక పెద్దదవుతోంది, నల్లబడుతోంది. కుట్లన్నీ ఒక్క చేతివే.

"గర్భసంచి మూతి దగ్గర కాన్సరట" అంది కూతురు, నేల చూపులు చూస్తూ. "ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసేసరికి ఒళ్ళంతా పాకేసింది. ముందే చూపించుకుంటే బతికేదన్నారు."

ఆ పిల్ల వెళ్ళాక పెద్దావిడే కదిలించింది. ఊరికే, మాట కోసం. "ఏమే, ఏం కలగంది ఆవిడ?"

మబ్బమ్మ దూదిలోకి మణికట్ల దాకా చేతులు పోనిచ్చింది. "కలల్లేవక్కా. మేలుకునే ఉంది" అంది.

ఇంత కళ్ళారా చూసిన మనిషి కదా, బుద్ధి రావాలి. చలి మొదలయ్యే రోజుల్లో పెద్దావిడ తన పక్క మీదే ఓ మరక చూసింది. ముట్లుడిగి ఏళ్ళు గడిచిపోయాయి. ఎక్కడో సూది గుచ్చుకుందేమో అనుకుని వేళ్ళు చూసుకుంది. కాదు. కొన్నాళ్ళు ఊరుకుంది. మళ్ళీ కనిపించింది, ఈసారి పరుపు గుడ్డకి దిగింది. కింద అందరూ పనిలో ఉన్న వేళ పైన తలుపేసుకుని, పాత తొడుగు మీద కొత్త తొడుగు కుట్టేసింది. ఊరికి నీతులు చెప్పిన చెయ్యే. కుట్టి, దిండు సరిచేసి, ఏమీ జరగనట్టు కిందికి దిగి, దారం ముడి సరిగా వెయ్యలేదని దారాలామెని తిట్టిపోసింది.

దారాలామె అంటే దారాలు అందిస్తూ అంచులు కుట్టే మనిషి. ఇంకొకామె దిండ్లామె, దిండ్లు నింపేది. కొట్టులో పనివాళ్ళు ఈ ఇద్దరే. నలుగురాడవాళ్ళూ ఒక్క గదిలో, ఒక్క దుమ్ములో, ఒక్క కుండ నీళ్ళు తాగుతూ ఏళ్ళు వెళ్ళదీశారు. ఒకరికి దగ్గొస్తే నలుగురూ దగ్గేవాళ్ళు. నీళ్ళ వరసలో ఒకరు నిలబడితే నలుగురి బిందెలూ నిండేవి. అలా అలవాటైన ప్రాణాలు.

వీధి చివర ఆసుపత్రి నర్సు వచ్చింది ఆ చలికాలంలోనే. తుమ్ముతూ లోపలికొచ్చి, పరుపుల కట్ట మీద కూచుంది. ముప్ఫై దాటిన దగ్గర్నుంచి అరవై అయిదు దాకా ఆడవాళ్ళందరూ వచ్చి గర్భసంచి ముఖద్వారం చూపించుకోవాలని, నొప్పీ గిప్పీ ఏమీ లేకపోయినా రావాలని, ఈ కాన్సర్ రావడానికి చాలా ముందే అక్కడ మార్పు కనిపిస్తుందని, అప్పుడే పట్టుకుంటే వైద్యం తేలికని, ఆడపిల్లలకైతే అసలు రాకుండా సూదిమందు కూడా ఉందని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ తరవాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"అమ్మో, అక్కడా? కానుపప్పుడే సిగ్గుతో చచ్చాను" అంది దారాలామె.

"లేనిపోనిది కెలికి తెచ్చుకోడం కాకపోతే! పడుకున్న కుక్కని తోక పట్టి లేపడం" అంది దిండ్లామె. "అయినా అది తిరుగుబోతు వాళ్ళకొచ్చేదటగా?"

"ఎవరన్నారమ్మా? మొగుడు తప్ప ఇంకో మగాడి మొహం చూడనివాళ్ళకీ వస్తుంది" అంది నర్సు.

"మొగుడి మొహమైనా సరిగ్గా చూడలేదు నేను. ఎప్పుడూ దూదే ఉంటుంది" అంది మబ్బమ్మ. అందరూ పగలబడి నవ్వారు. యంత్రం దగ్గర్నుంచి మొగుడు తొంగి చూసి, ఏమీ వినపడక, తనూ నవ్వి వెళ్ళాడు.

నర్సు పెద్దావిడ వైపు తిరిగింది. "మీరు కూడా రావాలి పెద్దమ్మగారూ."

"నేనా? మా కొట్టు మూసేసి ఎన్నేళ్ళయిందో! తాళం వేసిన కొట్టుకి తనిఖీ ఏంటమ్మా?"

మళ్ళీ నవ్వులు. పెద్దావిడా నవ్వింది. వెళ్ళాలని లేదు. వెళ్ళకుండా తెలుసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోతోంది. నర్సు గడప దాటగానే తనే తీర్పు చెప్పింది.

"పని రోజుల్లో నలుగురం పోతే కొట్టు ఎవడు చూస్తాడు? దూది మూట కొనేటప్పుడు ఏం చేస్తాం? మూటంతా విప్పుతామా? నడిమధ్య చెయ్యి పెట్టి గుప్పెడు లాగి చూస్తాం. ఆ గుప్పెడు తెల్లగా ఉంటే మూటంతా తెలుపే. నలుగురం తినేది ఒకటి, తాగేది ఒకటి, పీల్చేది ఒకటి. ఒకరు వెళ్ళొస్తే చాలు."

అదేదో చాలా సబబుగా వినిపించింది అందరికీ. నమ్మాలని ఉన్నప్పుడు ఏ మాటైనా సబబుగానే ఉంటుంది. "మరి గుప్పెడు ఎవరు?" అంది దారాలామె. ముగ్గురూ మబ్బమ్మ వైపు చూశారు. ఆమె కనుబొమ మీది దూది తీసుకుంటూ, "సరే, నేనెళ్ళొస్తా" అంది. ఆ ఉల్లిపొరల పరుపు వచ్చిన దగ్గర్నుంచి ఆమె మనసు దాని చుట్టూనే తిరుగుతోంది. పంపకపోయినా వెళ్ళేదే.

వెళ్ళిన రోజు పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. వీధి మొత్తం ఏకి ఆరబోసినట్టు తెల్లగా ఉంది. మబ్బమ్మ అందులోకి నడిచి కనపడకుండా పోయింది. ఇంకాసేపటికి అందులోంచే నడిచొచ్చింది. ముగ్గురూ సూదులు పక్కన పెట్టేశారు.

"నొప్పెట్టిందా?"

"కాస్త ఒత్తినట్టుంది. ఊపిరి వదలమ్మా అంది. వదిలాను. అయిపోయిందంది."

"అంతేనా? ఇంకేం జరిగింది?"

"కప్పు మీద తేమ మరకుంది. పడవలా ఉంది. అందులో ఎవరెవరు కూచున్నారా అని చూస్తున్నా, ఈలోపే లెమ్మన్నారు. ఇంకాసేపు ఉంచుతారనుకున్నా. కానీ అక్కా, ఆ బల్ల మీద వేసిందాన్ని పరుపంటారా? వాళ్ళకోటి మనం కుట్టివ్వాలి."

ఫలితం వచ్చే దాకా పెద్దావిడ ఎవర్నీ తిట్టలేదు. కొట్టులో అందరూ ఆమెకి జ్వరమేమో అనుకున్నారు. చివరికి ఓ సాయంత్రం నర్సే కబురంపింది, అంతా బాగుందని. మబ్బమ్మ ఆ మాట చెప్పగానే దిండ్లామె ఒళ్ళో ఉన్న దిండు పైకెగరేసింది. దారాలామె అందరికీ టీ పెట్టింది. "మూటంతా తెలుపే!" అని నలుగురూ నాలుగుసార్లు అనుకున్నారు. పెద్దావిడ ఓ పక్కకి ఒరిగి, గాజు పెట్టెలో దీపంలా వెలుగుతున్న కిటికీ చూస్తూ, ఎన్నాళ్ళకో కమ్మగా కునుకు తీసింది. ఆ కునుకులో భర్త కనిపించాడు. దూదిమూట భుజానేసుకుని, బరువే లేదే అని నవ్వుతున్నాడు.

మరకకి ఆ కబురు అందలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. గుప్పెడు తెల్లగా ఉందిగదా, ఇది ఇంకేదో అయ్యుంటుంది, వేడి చేసిందేమో, బరువులెత్తానేమో అని పెద్దావిడ తనకి తనే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పడంలో మనిషి మనసుని మించిన దళారి లేడు.

చలి వెనక్కి తగ్గుతున్నప్పుడు మబ్బమ్మ ఆసుపత్రికి దిండొకటి కుట్టుకుని పోయింది, నర్సుకి ఇద్దామని. ఇచ్చి, "మా నలుగురికీ బాగుందన్నారు, ఆ సంతోషంతో" అంది. నర్సుకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి ఆపుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకుంది.

మబ్బమ్మ తిరిగొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నాది నాకేనట. మీది మీకే చూడాలట."

"అదేంటి! మరి నువ్వెళ్ళింది దండగా?" దిండ్లామె కోపం చూడాలి, మబ్బమ్మే మోసం చేసినట్టు.

"నాకు దండగ కాదుగా."

"ఒకే గదిలో ఉండేవాళ్ళకి వేరే వేరేగా ఎలా వస్తుందే?" అంది పెద్దావిడ. మాట కరుకుగా వచ్చింది. గుప్పెడు తీర్పు తనది. అది తప్పంటే తను తప్పని.

మబ్బమ్మ తలగుడ్డ విప్పి దులిపింది. గది నిండా దూది లేచింది. "ఒకే పరుపు మీద పక్కపక్కనే పడుకున్న ఇద్దరికి ఒకే కల వస్తుందా అక్కా? మూటలో దూదికి కలల్లేవు. మనం దూది కాదు."

కలల మాటలకి ఎప్పుడూ నవ్వే దారాలామె ఈసారి నవ్వలేదు. మర్నాడే ఆమె వెళ్ళింది. తనకి బాగుందని కబురొచ్చాక, కూతురికి సూదిమందు ఎప్పుడు వేస్తారో కూడా కనుక్కున్నానని చెప్పింది. దిండ్లామె ఇవాళా రేపూ అని జరిపి, మబ్బమ్మ చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోతే గానీ కదల్లేదు. ఆమెకి ఏదో కనిపించింది. కాన్సర్ కాదు. కాకముందరి మార్పు. వదిలేస్తే ఏళ్ళు గడిచాక అదే అయ్యేదట. ఓ పూటలో వైద్యం చేసి, ఇంటికి పంపి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పారు.

పనిలోకొచ్చిన రోజు ఆమె తిన్నగా పెద్దావిడ ముందుకొచ్చి కూచుంది. "పెద్దమ్మా, నీ గుప్పెడు మాట పట్టుకుని కూచుంటే నేనూ ఆ ఉల్లిపొరల పరుపావిడలా పోయేదాన్ని."

"పోయేదానివి కాదులేవే. నీలాంటిదాన్ని ఎవడు తీసుకుపోతాడు!"

"నువ్వెప్పుడెళ్తావు?"

"పని చూసుకో."

అందరూ ఆమెకి పొగరనుకున్నారు. పొగరే. కానీ పొగరు కింద ఇంకో తొడుగుంది, దాని పేరు భయం. పెద్దావిడకి ఆ గదీ బల్లా అంటే భయం లేదు. వాళ్ళు చూసి ఏమంటారో అదే భయం. అనకముందు దాకా అది ఉట్టి మరకే. అన్నాక దానికో పేరొస్తుంది.

ఎండలు ముదిరే ముందు కొట్టులో గిరాకీ పలచబడుతుంది. అప్పుడే సొంత ఇంటి పరుపులు డాబా మీదికెక్కేవి. చిన్నకోడలు అన్నీ మోసుకుపోయింది. "నాది బాగానే ఉంది, ముట్టుకోకు" అని పెద్దావిడ ముందే చెప్పింది. చెప్పి, కింద గుడ్డల వ్యాపారితో గుడ్డ నాణ్యం మీద గొడవకి దిగింది. గొడవలో పడితే ఆమెకి ఒళ్ళు తెలీదు. అతన్ని ముప్పుతిప్పలు పెట్టి పైకెళ్ళేసరికి తన మంచం బోసిగా ఉంది. డాబా మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు.

ఎండలో పరుపుంది. పక్కన మబ్బమ్మ మోకాళ్ళు చుట్టుకుని కూచుని ఉంది. పైతొడుగు ఒక మూల విప్పి ఉంది, కింద ఇంకో తొడుగు కనిపించేంత మేర. అంతకు మించి ఒక్క కుట్టు కూడా తెగలేదు. కత్తెర దూరంగా పెట్టేసి ఉంది.

"నా పరుపు ముట్టుకోమని ఎవరు చెప్పారే నీకు?"

మబ్బమ్మ విప్పిన మూలని వేలితో నిమిరింది.

"చెవులు కూడా మొగుడివే తగిలించుకున్నావా?"

"ఇది నీ కుట్టే అక్కా."

"నాది కాక మీ అమ్మదా?"

"వంకర పోయింది. నీ కుట్టు వంకర పోగా నేనెప్పుడూ చూళ్ళేదు."

పెద్దావిడ నిలబడ్డచోటే నిలబడింది. "ఎలుక కొరికింది. పైన ఇంకోటేశా. అయితే ఏంటంట?"

"ఎలుక కొరికితే విప్పి వెయ్యమని నేర్పింది నువ్వేగా."

డాబా మీద ఆరబోసిన దూది గాలికి కొద్దికొద్దిగా లేస్తోంది. కొంత పిట్టగోడ దాటి వీధిలోకి, కొంత ఆకాశంలోకి. ఎంత చూసినా దూది ఎక్కడ ఆగిందో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలీడం లేదు. తిట్టడానికి పెద్దావిడ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఓ పింజ వచ్చి నోట్లో పడింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళొచ్చాయి. దగ్గు తగ్గేసరికి తిట్టు ఏమిటో గుర్తు రాలేదు. వచ్చిన కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు. దగ్గు మీద నెట్టేసి, పక్కనే కూలబడింది.

మబ్బమ్మ సూది తీసి, విప్పిన మూలని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. "నేనేం చూళ్ళేదక్కా. చూడను కూడా. నీ పరుపు నీది." దారం కొరికి, "మొన్న ఓ కలొచ్చింది" అంది.

"వచ్చే ఉంటుంది. అది లేనిదెప్పుడు?"

"నువ్వు కింద కూచుని తొడుగు కుడుతున్నావు. కుట్టిన కొద్దీ అది పెరుగుతోంది. గదంతా నిండింది, గుమ్మం దాటింది. నేను పిలుస్తున్నా. రెండోసారి పిలిచా. మూడోసారీ పిలిచా. నువ్వు పలకడం లేదు."

పెద్దావిడ పరుపు మీద చెయ్యి వేసింది. ఎండకి వెచ్చగా, బతికున్నదేదో ఊపిరి తీస్తున్నట్టుంది. కింద మరిది యంత్రం ఆపాడు. ఆ హోరు ఆగాక ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది.

"ఆ నర్సు పొద్దున్నే కూచుంటుందా, పదింటికి గానీ రాదా?" అంది చివరికి, ఎవరినో అడిగినట్టు.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా పెద్దావిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. వీధి ఊడ్చిన తీరు బాగోలేదంది, ఎదురొచ్చినామె నడక బాగోలేదంది, ఆసుపత్రి గోడల రంగు చూస్తే లేని రోగం వస్తుందంది. మబ్బమ్మ ఎప్పట్లాగే సగం విని సగం వినక నడిచింది. వసారాలో పొడుగాటి బల్ల మీద కూచున్నారు. గచ్చు మీద కిటికీ నీడలు నీళ్ళల్లా కదులుతున్నాయి. లోపల్నుంచి ఏదో గిన్నె చప్పుడు, ఎవరో ఆడమనిషి మెత్తగా మాట్లాడుతున్న గొంతు. పెద్దావిడకి అన్నీ ఎక్కడో దూరంగా, ఇంకొకరి నిద్రలో జరుగుతున్నట్టున్నాయి.

ఆమె గొంతు తగ్గించింది. "పరీక్షేగా. చేయించుకుంటాలే, నీ పోరు పడలేక. అంతకు మించి ఒక్క ముక్క చెప్పను. ఏమైనా ఉందా అంటే ఏమీ లేదంటాను. ఉంటే వాళ్ళ చదువులకి తెలీదా ఏంటి?"

మబ్బమ్మ అప్పుడు పూర్తిగా ఇటు తిరిగింది. ఆమె కళ్ళు ఎక్కడో కాకుండా సరిగ్గా ఎదుటి మనిషి మొహం మీద ఉండగా పెద్దావిడ చూడ్డం చాలా అరుదు. తలుపు తెరుచుకుంది. నర్సు "పెద్దమ్మగారూ, రండి" అంది. పెద్దావిడ లేవబోతే మబ్బమ్మ ముంజెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీ మీద వాదించి గెలవడం నావల్ల కాదు. ఒక్కటడుగుతా, చేసి పెట్టు. ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా ఒక్క మాట దాచుకున్నదానివి కాదు నువ్వు. లోపల ఆవిడ అడుగుతుంది. అప్పుడు లేదనకు. ఎప్పట్నుంచి కనిపిస్తోందో, ఎన్నిసార్లు కనిపించిందో, ఉన్నదున్నట్టు చెప్పు. గట్టిగా అనక్కర్లేదు, చెవిలో చెప్పినా సరే. నాకు చెప్పకపోయినా ఏం అనుకోను. ఆవిడకి చెప్పు."